అర శ్రుతి

పెద్ద పెద్ద విద్వాంసులను ఎందరినో చాలా దగ్గరగా చూశాను. అయితే నేను చూసింది వాళ్ల వీపులను. తంబురా మీటేదాన్ని గనుక వేదిక మీద నా చోటు ఎప్పుడూ పాడేవారి వెనకే. ఎదురుగా ఉన్న జనం ముఖాలు చూసి ఆహా ఓహో అంటుంటే, నేను చెమటకు తడిసిన లాల్చీలూ, జారిపోతున్న కొప్పులూ చూస్తూ కూర్చునేదాన్ని. ఒక మహావిద్వాంసుడు లాల్చీ తిరగేసి తొడుక్కుని వచ్చిన సంగతి ఆ సభలో నా ఒక్కదానికే తెలుసు. నవ్వు ఆపుకోవడానికి ఆ రోజు నేను పడ్డ పాట్లు పగవాళ్లకు కూడా వద్దు.

మాది నాయుడుపేట దగ్గర వరి పండించుకునే ఇల్లు. మా నాన్నకు హరికథల పిచ్చి. ఆ పిచ్చిలోనే నాకు కొన్నాళ్లు సంగీతం చెప్పించాడు. నా గొంతు కచేరీకి పనికిరాదని గురువుగారు ఏ మొహమాటమూ లేకుండా తేల్చేశారు. చెవి మాత్రం బాగుందన్నారు. యాభైల చివర్లో పెళ్లయి నెల్లూరు వచ్చాను. మా ఆయన కలెక్టరాఫీసులో గుమాస్తా, ఆయన మేనమామ ఊళ్లో సంగీత సభకు కార్యదర్శి. పెళ్లయి ఏళ్లు గడుస్తున్నా మాకు పిల్లలు లేరు. ఇంటికొచ్చిన చుట్టాలంతా కాఫీ తాగి, నాకొక కొత్త మొక్కు చెప్పి పోయేవాళ్లు. నవ్వుతూ తలూపేదాన్ని. లోపల మాత్రం కుతకుతలాడిపోయేదాన్ని.

అటువంటి రోజుల్లో మామయ్య ఒక మధ్యాహ్నం వచ్చి మా అత్తగారి ముందు కూర్చున్నాడు. మద్రాసు నుంచి పేరుమోసిన గాయని గారొకరు వస్తున్నారనీ, ఆవిడ వెనక తంబురా పట్టుకోవడానికి ఆడమనిషి కావాలనీ చెప్పాడు. "మన కోడలికి చెవి ఉండాదంట గదా, పంపించక్కా" అన్నాడు. మా అత్తగారు అంత తేలిగ్గా దేనికీ ఒప్పుకునే మనిషి కాదు. కానీ గాయని గారి పేరు వినగానే మెత్తబడిపోయింది. రేడియోలో ఆ గొంతు వస్తే మా వీధిలో రోకలి చప్పుళ్లు ఆగిపోయే రోజులవి. ఆ గొంతు వెనక కూర్చున్నది మా కోడలే అని నలుగురితో చెప్పుకునే అవకాశం ఆవిడ ఎందుకు వదులుకుంటుంది!

కచేరీ ఆడపిల్లల బడి ఆవరణలో. ఒక తరగతి గదిలో బల్లలన్నీ మూలకు నెట్టి, చాప పరిచి, ఆవిడకు విడిది చేశారు. నల్లబల్ల మీద ఎవరో పిల్ల వేసిన భాగాహారం అట్లాగే ఉంది. నేను తంబురా శ్రుతి చేస్తుంటే ఆవిడ జుట్టు విరబోసుకుని దువ్వుకుంటూ వింటున్నారు. కాసేపటికి "పిల్లా, పొద్దున ఏం తిన్నావు?" అని అడిగారు. భయానికి ఏమీ తినలేదని చెప్పాను. "అందుకే తీగ ఎక్కువ బిగిస్తున్నావు. ఆకలి మీదున్న చెయ్యి ఊరుకోదు. ముందు తిను" అని తన డబ్బాలోంచి ఇడ్లీలు తీసి నా చేతిలో పెట్టారు. నేను తింటుండగా, తీగలు ఆనే కొయ్యమెట్టు, అదే గుర్రం మీద తీగ కింద పెట్టే నూలుపోగును ఎంత జరిపితే నాదం ఎట్లా విచ్చుకుంటుందో ఆవిడే నా పక్కన చాప మీద కూర్చుని చూపించారు. అంత పెద్ద మనిషి నా కోసం నేల మీద కూర్చుంటే, ఇడ్లీ చేతిలో పట్టుకుని ఆవిడ వేళ్లనే చూస్తూ ఉండిపోయాను.

ఆ తర్వాత మన జిల్లాలో ఎక్కడ పాడినా తంబురాకు ఆ అమ్మాయే ఉండాలని మామయ్యకు ముందే కబురు పెట్టేవారు. గూడూరు, కావలి, నాయుడుపేట, అన్నీ తిరిగాను. పుట్టింటి ఊరివాళ్లు నన్ను వేదిక మీద చూసి ముక్కున వేలేసుకున్నారు. మొక్కులు చెప్పడానికి వచ్చిన చుట్టాలతో మా అత్తగారు, "రేపు దానికి యాడ తీరతాది? గూడూరు పోతుండాది, కచేరీకి" అని చెప్పడం మొదలుపెట్టింది. ఆ మాటలు వంటింట్లోంచి విన్న రోజు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పిల్లలు లేని కోడలిని కాస్తా తంబురా కోడలినయ్యాను. ఆ మేలు గాయని గారిదే.

ఇక మృదంగం విద్వాంసుడి గురించి చెప్పాలి. ఆయన మన జిల్లా మనిషే, మూలాపేటలో ఉండేవారు. గాయని గారు మన వైపు వచ్చినప్పుడల్లా ఆయనే వాయించేవారు. మార్గశిరంలో సభల కచేరీలకు మద్రాసు పోయి అక్కడ కూడా ఆవిడ పక్కనే కూర్చునేవారు. మనిషి పొట్టి, కోపం పొడుగు. కాఫీ ఇత్తడి గ్లాసులో రాకపోతే తిప్పి పంపేవారు. కుర్చీ వేస్తే నేల మీద కూర్చునేవారు, చాప వేస్తే కుర్చీ ఏదని అడిగేవారు. నేను బాబాయిగారూ అని పిలిచేదాన్ని. ఆ పిలుపుకు మాత్రం ఏనాడూ వంక పెట్టలేదు.

ఆయన గర్వమంతా మృదంగం శ్రుతి మీదే. చెమ్మ తగిలితే మృదంగం చర్మం వదులై శ్రుతి దిగుతుంది, ఎండకు బిగిసి పెరుగుతుంది. ఎవరికైనా అంతే. ఆయన మృదంగం మాత్రం కచేరీ మొదట్లో ఎక్కడుందో చివర కూడా అక్కడే ఉండేది. ఒకసారి గూడూరులో వాన పడుతుంటే, ఆయన దగ్గరే నేర్చుకుని పైకొచ్చిన యువ విద్వాంసుడొకడు తన మృదంగం దిగిపోయిందని సణిగాడు. ఆయన అందరి ముందూ అతన్ని ఉతికి ఆరేశారు. "చెమ్మ నీకొకడికే వచ్చినాదా? నా దానికేమన్నా ఎవరన్నా గొడుగు పట్టినారా? గాలి మీద నేరం మోపేవాడు మృదంగం ముట్టుకోకూడదు" అన్నారు. పాపం ఆ యువకుడి ముఖం చిన్నబోయింది. నాకు జాలేసింది గానీ, బాబాయిగారి నోటికి అడ్డుపడే ధైర్యం అక్కడ ఎవరికుంది!

మరొక మనిషి ఉన్నాడు, మా సభకు నిత్యరసికుడు. బియ్యం మిల్లు ఆసామి. ఎండలు మండిపోతున్నా కోటు వేసుకుని ముందు వరసలో కూర్చునేవాడు. ఆ కోటు జేబులో పిచ్‌పైపు ఉండేది. పాట మొదలుకాగానే దాన్ని తీసి, తనకొక్కడికే వినిపించేటట్టు ఊదుకుని, పాడేవారి శ్రుతి ఎంతో తేల్చుకునేవాడు. మర్నాడు పొద్దున కాఫీ హోటల్లో తీర్పు చెప్పేవాడు. అక్కడ చెప్పిన మాట రెండోపూటకు ఊరంతా తిరిగేది, మద్రాసు సభల్లో ఆయనకున్న స్నేహితుల దాకా కూడా పోయేది. చెడ్డవాడేం కాదు. ఆయనకు సంగీతమంటే ప్రాణం, అందులో తప్పులంటే అంతకన్నా ప్రాణం.

అరవైల నడుమ గాయని గారికి పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత కింది స్వరాలు మునుపటికన్నా నిండుగా పలికేవి. పైకి పోయేటప్పుడే చిక్కు. శ్రుతిని అంకెల్లో చెబుతారు, అంకె పెరిగినకొద్దీ ఎత్తు. ఆవిడ ఐదు శ్రుతిలో పాడేవారు. ఐదు శ్రుతిలో పై పంచమం మీద నిలబడి, అక్కడినుంచి జనాన్ని చూసి చిరునవ్వు నవ్వేవారట. ఆ నవ్వు కోసమే వచ్చేవాళ్లు ఉండేవాళ్లు. జ్వరం తర్వాత ఆ పంచమం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వీపు బిగుసుకుపోవడం, ఎడమచెయ్యి చాప మీద ఆనడం నాకు కనిపించేది. శ్రుతిని అర మెట్టు కిందికి, నాలుగున్నరకు దించుకుంటే పై స్వరాలన్నీ అర మెట్టు దగ్గరికి వస్తాయి, గొంతుకు ప్రాణం లేచి వస్తుంది. తంబురా, వయొలిన్, మృదంగం మూడూ దిగితే చాలు. చెప్పడానికి అంత సులువు.

ఒప్పుకోనిది వాళ్ల అన్నగారు. చిన్నప్పుడే తండ్రి పోతే ఆయనే పెంచి, సంగీతం చెప్పించి, ఊరూరా తిప్పి ఆవిడను అంతదాన్ని చేశాడు. ఆయన మాట ఆవిడ జవదాటేవారు కాదు. "ఐదు దిగామంటే అయిపోయామన్నమాటే. అమ్మాయికి వయసైపోయిందని మనమే టముకు వేసినట్టు" అనేవాడు. శ్రుతిపెట్టె ఒకటి పెట్టెలో పెట్టుకుని వచ్చి, నేను తంబురా శ్రుతి చేశాక దానితో సరిచూసేవాడు. ఆయన మీద నాకు ఒళ్లు మండేది. కానీ చెల్లెలు నిద్రపోతుంటే ఎవరూ చప్పుడు చెయ్యకుండా గుమ్మంలో కాపలా కూర్చునేవాడు కూడా ఆయనే, అందుకని పూర్తిగా మండేది కాదు.

ఒకసారి నెల్లూరులో నేను జడ వేస్తుండగా ఆవిడ అద్దంలోంచి నన్ను చూస్తూ చెప్పారు. "కృష్ణపట్నం వైపు ఒక కచేరీ ఒప్పుకున్నాడు అన్నయ్య. అక్కడ నా గొంతు విరిగిందంటే ఇక వేదిక ఎక్కను పిల్లా. తప్పు పాడితే తిట్టేవాళ్ల ముందు పాడగలను. జాలిపడేవాళ్ల ముందు పాడలేను." నేను జడ విప్పి మళ్లీ మొదటి నుంచి వేశాను. ఆవిడ పాట మానేస్తే లోకానికి ఏం నష్టమో ఆలోచించలేదు. నేనేమైపోతానా అనే ఆలోచించాను.

కృష్ణపట్నానికి ఇవతల సముద్రం ఒడ్డున ఒక పల్లె అది. ఆ ఊరి పెద్ద రైతు కొత్తగా గుడి కట్టించి, కల్యాణోత్సవానికి కచేరీ పెట్టించాడు. ముత్తుకూరు దాటాక కారు ఇసుకలో దిగబడితే అక్కడినుంచి ఎద్దుల బళ్లు. తంబురా బుర్ర ఒళ్లో పెట్టుకుని, ప్రతి కుదుపుకూ నా మోచెయ్యి అడ్డుపెడుతూ వెళ్లాను. మొలగొలుకుల అన్నంతో గొప్పగా భోజనం పెట్టారు గానీ ఆవిడ రెండు ముద్దలు కూడా తినలేదు. వేసవి మొదలు. పొద్దుటి నుంచీ పడమటి గాలి పొడిగా, సెగలు కక్కుతూ కొడుతోంది. ఉతికి ఆరేసిన చీర చూస్తుండగానే ఆరిపోయింది. సముద్రం కనబడుతోందన్న మాటే గానీ దానినుంచి గాలి పోగంతైనా రాలేదు. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు కూడా ఇదేం వడగాలి అని విసుక్కుంటున్నారు.

సాయంత్రం కచేరీకి ముందు గుడి పక్క గదిలో ఆవిడ నన్ను దగ్గరికి పిలిచి, "అర శ్రుతి దించు" అని మెల్లగా అన్నారు. బాబాయిగారు మూల కూర్చుని ఆకులకు సున్నం రాసుకుంటున్నారు. నేను బిరడలు తిప్పి నాలుగు తీగలూ దించాను. ఆవిడ కళ్లు మూసుకుని ఒక్కసారి షడ్జం పలికారు. ముఖం తేటపడింది. అంతలో అన్నగారు లోపలికి వచ్చాడు. శ్రుతిపెట్టె తెరవనక్కర్లేకుండానే తెలుసుకున్నాడు. "బియ్యం మిల్లు ఆయన బస్సు పట్టుకుని ఇంతదూరం వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. రేపు మద్రాసుకు ఉత్తరం రాస్తాడు. పెంచమ్మా" అన్నాడు నాతో. ఆవిడ కొంగు భుజం మీదికి లాక్కుని లేచారు. నేను తీగలు మళ్లీ బిగించాను. బాబాయిగారు ఆకులు నోట్లో పెట్టుకుని బయటికి వెళ్లిపోయారు.

వర్ణం గడిచిపోయింది. ఆ తర్వాత ఒక చిన్న కృతి. రెండింటిలోనూ పైకి పోవలసిన చోట ఆవిడ పోకుండా పక్కకు తప్పుకున్నారు. తెలిసినవాళ్లకు తెలుస్తుంది, తెలియనివాళ్లు చేతులూపుతూ వింటున్నారు. తర్వాతది కల్యాణి. కల్యాణిలో ఎక్కడికి తప్పుకుంటారు? పై షడ్జం దాటి ఆలాపన సాగాల్సిందే, జనం కాచుకుని కూర్చున్నది దానికోసమే. ఆవిడ నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టారు. మెడ మీద చెమట కాలువలు కట్టింది. ఎడమ అరచెయ్యి చాప మీద ఆనింది. ఇదే ఆఖరు కచేరీ అనుకున్నాను, తంబురా మీటుతూనే దేవుళ్లందరికీ దణ్ణాలు పెట్టుకున్నాను. జన్మలో అంత మనస్ఫూర్తిగా నా కోసం కూడా మొక్కుకోలేదు.

అప్పుడు బాబాయిగారు మృదంగం ఒళ్లోకి తీసుకుని, సంచిలోంచి రాయీ కొయ్యముక్కా తీశారు. మృదంగం అంచును ముఖం వైపు నుంచి కొడితే చర్మం బిగిసి శ్రుతి పెరుగుతుంది. కట్టె వైపు నుంచి కొడితే వదులై దిగుతుంది. ఆయన ఒళ్లు అడ్డం పెట్టి కొడుతున్నారు గనుక ఎదుటివాళ్లకు కనబడలేదు. వెనకనున్న నాకు కనబడింది. కట్టె వైపు నుంచి కొడుతున్నారు. ఠకఠకమని అంచు చుట్టూ తిప్పి తిప్పి కొట్టి, చేత్తో మృదంగాన్ని ఒకసారి మోగించి, పెదవి విరిచి, మైకులో అందరికీ వినబడేటట్టు అన్నారు. "అమ్మా, క్షమించాల. సముద్రపు గాలికి నా మృదంగం దిగిపోయినాది. ఎంత కొట్టినా నిలవడంలా. తమరు దయుంచి అర శ్రుతి కిందికి రావాల. తప్పు నాది."

వయొలిన్ విద్వాంసుడు ఉలిక్కిపడి ఆయన్ని చూశాడు. అతనికి తెలుసు, పడమటి గాలికి మృదంగం పెరగాలే గానీ దిగదు. తెలిసి తల వంచుకుని తన తీగలు దించుకోవడం మొదలుపెట్టాడు. అన్నగారు వేదిక పక్కన నిలబడి నోరు తెరిచి మూశాడు. ఇంతమందిలో విద్వాంసుడు చేతులు జోడించి అడుగుతుంటే కాదనడం ఎట్లా? గాయని గారు ఆయన వైపు తిరిగి చూసి, "దానికేముంది, అలాగే" అన్నారు.  నేను బిరడలు తిప్పాను. నాలుగు తీగలూ కలిసి ఒకటిగా మోగేదాకా జనం ఓపిగ్గా కూర్చున్నారు. చిన్న పల్లె, పెద్ద మనసు. ఎవరూ చిటపటలాడలేదు.

ఆ కల్యాణి గురించి రాయడానికి నా దగ్గర మాటలు లేవు. ఉన్నదున్నట్టు చెబుతాను. ఆవిడ చెయ్యి చాప మీదినుంచి లేచింది. పై షడ్జం దాటారు, గాంధారం మీద ఆడుకున్నారు, పంచమం చేరి అక్కడ నిలబడ్డారు. నిలబడే ఉన్నారు. జనంలో ఎవరో ఆడమనిషి "అమ్మా!" అని అరిచింది. బాబాయిగారు మృదంగం మీద చేతులు పెట్టుకుని, తల వంచి, వాయించాల్సిన వంతు వచ్చేదాకా కళ్లు తెరవలేదు. నేను ఏడ్చాను. తంబురా మీటేది ఏడవకూడదు, నవ్వకూడదు, తలూపకూడదు. అయినా ఏడ్చాను, తంబురా మెడకు చెంప ఆనించి, ఎవరికీ కనబడకుండా.

కచేరీ అయ్యాక మిల్లు ఆసామి గదికి వచ్చాడు. గాయని గారికి దణ్ణం పెట్టి, బాబాయిగారి వైపు తిరిగి పెద్దగా నవ్వాడు. "ఏందయ్యా, గాలి మీద నేరం మోపినావే! నీ మృదంగం కూడా దిగిపోయిందంటే ఇంక లోకంలో ఎవుర్ని నమ్మేది?" అన్నాడు. బాబాయిగారు ఊరుకునే మనిషా? ఇప్పుడు పేలతారనుకున్నాను. ఆయన మృదంగానికి గుడ్డ చుట్టుకుంటూ, తలెత్తకుండా, "చేతిలో పస తగ్గినాది లే అన్నా. వయసైపోతా ఉండాది గదా" అన్నారు. గాయని గారు గోడవైపు తిరిగి గాజులు సర్దుకున్నారు. ఆవిడ గాజులు చాలాసేపు సర్దుకున్నారు.

తిరుగు ప్రయాణంలో బండిలో ఆయన పక్కనే కూర్చున్నాను. పట్టలేక, "బాబాయిగారూ, పొద్దుటి నుంచీ పడమటి గాలే కదండీ" అన్నాను. ఆయన నన్ను కళ్లెర్రజేసి చూశారు. "నీకు తంబురా మీటేదొక్కటే గదా పని? గాలి సంగతి నీకెందుకమ్మాయ్?" అన్నారు. 

అనుకున్నంతా జరిగింది. ఫలానా ఆయన మృదంగం సముద్రపు గాలికి దిగిపోయిందట, వేదిక మీదే ఒప్పుకున్నాడట అని ఊరంతా చెప్పుకున్నారు. ఆయన చేతిలో ఒకప్పుడు తిట్లు తిన్నవాళ్లందరికీ పండగైంది. ఒకటి రెండు సభలవాళ్లు ఆయన్ని పిలవడం మానుకున్నారు. ఆయన మాత్రం మార్కెట్టు వీధిలో ఎప్పటిలాగే కూరగాయలవాళ్లతో పోట్లాడుతూ కనబడేవారు. నన్ను చూస్తే "ఏమ్మాయ్, తంబురా తుడస్తా ఉండావా?" అని అడిగి వెళ్లిపోయేవారు. ఆ ఎగతాళి చేసేవాళ్లు నాకు ఎదురుపడినప్పుడల్లా నిజం నాలుక చివరికి వచ్చేది. కానీ అది నేను చెప్పేది కాదు. చెబితే ఆవిడ వేదిక దిగిపోతారు.

మరుసటి ఏడు సభ ఉత్సవాలకు ఆవిడ మళ్లీ నెల్లూరు వచ్చారు. అదే బడి, అదే గది. నేను తంబురా తీస్తుండగా గూడూరులో తిట్లు తిన్న ఆ యువ విద్వాంసుడు మృదంగం పట్టుకుని లోపలికి వచ్చి నమస్కారం చేశాడు. గాయని గారు అతన్ని చూసి, మామయ్యను చూసి, "ఆయన ఏరీ?" అన్నారు. మామయ్య నసిగాడు. "పెద్దాయన చేతిలో ఇదివరకటి పట్టు లేదంటా ఉండారమ్మా. పోయినేడు సముద్రం కాడ జరిగింది మీకు తెలిసిందే గదా. కమిటీవాళ్లు వద్దన్నారు" అన్నాడు. మిల్లు ఆసామి కూడా అక్కడే ఉన్నాడు, గాయని గారికి దణ్ణం పెట్టుకుందామని ముందుగా వచ్చి. "అవునమ్మా, వయసు ఎవుర్ని వదిలిపెడతాది?" అని వంత పాడాడు.

ఆవిడ నా చేతిలోంచి తంబురా తీసుకుని గోడకు ఆనించారు. అన్నగారు ప్రమాదం పసిగట్టి, "జనం వచ్చేశారమ్మా, ఆలస్యమైపోతోంది" అన్నాడు.  ఆవిడ అన్నగారికీ కాదు, మామయ్యకూ కాదు, సూటిగా మిల్లు ఆసామికే చెప్పారు. ఆయనకు చెబితే రేపు పొద్దున్నకు ఊరికీ, ఎల్లుండికి మద్రాసుకూ చెప్పినట్టేనని ఆవిడకు బాగా తెలుసు.

"ఆ రోజు దిగింది ఆయన మృదంగం కాదండీ, నా గొంతు. ఐదు శ్రుతిలో నాకు పంచమం అందడం లేదు. అది నేను నోరు తెరిచి చెప్పలేకపోతే, ఆయన తన మృదంగాన్ని తనే దించుకుని తప్పు నెత్తిన వేసుకున్నారు. వయసైపోయింది నాకు. ఈ మాట మీరు ఎవరికి చెప్పినా నాకు అభ్యంతరం లేదు. ఆయన వస్తేనే నేను వేదిక ఎక్కేది."

 అన్నగారు బల్ల మీద కూలబడ్డాడు. పాతికేళ్లుగా కాపాడుకుంటూ వచ్చింది ఒక్క నిమిషంలో పోయింది, ఆయన్ని చూస్తే నాకు కూడా జాలేసింది. ముందుగా కదిలింది ఆ యువ విద్వాంసుడు. "నేను పోయి పిలుచుకొస్తాను, నా గురువుగారే గదమ్మా" అని చెప్పులు కూడా మరిచిపోయి పరుగెత్తాడు. మిల్లు ఆసామి కోటు విప్పి చేతి మీద వేసుకుని, అది కూడా తెలియనట్టు నిలబడిపోయాడు. చివరికి, "నేను ఆయన్ను అట్టా ఎగతాళి చేసినానే" అని మాత్రం అన్నాడు.

జనం గోలపెట్టడం మొదలుపెట్టాక రిక్షా వచ్చింది. బాబాయిగారు ఇంట్లో ఉన్న చొక్కాతోనే వచ్చారు. శిష్యుడు దారిలో అంతా చెప్పేసినట్టున్నాడు. గుమ్మంలోంచే కేకలు మొదలుపెట్టారు. "ఎందుకు చెప్పినారమ్మా? ఎవురు చెప్పమన్నారు మిమ్మల్ని? నేను పడిన పాటంతా గంగలో కలిపినారు గదా!" అని కోపంతో ఊగిపోతున్నారు. ఆవిడ లేచి నిలబడ్డారు. పాడేవారు పక్కవాయిద్యం వారికి లేచి నిలబడడం నేను అంతకుముందు చూడలేదు. "మీరు నా పరువు మోశారు. ఏడాది మోశారు. చాలు, ఇక నాది నాకివ్వండి" అన్నారు. నలుగురి ముందు నిలబడిన ఆవిడ ముఖాన్ని, వెనకనుంచి కాకుండా ఎదురుగా చూడడం నాకదే మొదటిసారి. భయం లేదు. దిగులు లేదు. నా జన్మకు అది చాలనిపించింది.

 బాబాయిగారు కండువాతో ముఖం తుడుచుకుని, శిష్యుడు మోసుకొచ్చిన తన మృదంగం లాక్కుని, గోడకు ఆనుకుని కూర్చున్నారు. రాయి చేతిలోకి తీసుకున్నారు. గదిలో అన్నగారున్నాడు, మామయ్య ఉన్నాడు, మిల్లు ఆసామి ఉన్నాడు. ఎవరినీ ఆయన చూడలేదు.

"ఏందమ్మాయ్, చూస్తా ఉండావు?" అన్నారు నాతో. "నాలుగున్నర ఇయ్యి."

తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. నేను తంబురా నిలబెట్టి, అందరికీ వినబడేటట్టు ఇచ్చాను.